ఎయిర్‌పోర్టు స్థలం లీజు గొడవ: అద్దె సంగతి తర్వాత, ముందు గడువు చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కాలిఫోర్నియాలో మీ ఊరి చిన్న ఎయిర్‌పోర్టులో ఒకాయన తన హ్యాంగర్‌ను, అంటే విమానం పెట్టుకునే షెడ్డును, 1,20,000 డాలర్లకు అమ్ముతున్నారు. కింద నేల సిటీది. లీజు ఇంకా 11 ఏళ్లే మిగిలింది. ఈలోగా సిటీ కౌన్సిల్ కొత్త లీజు పాలసీ ముసాయిదా బయటపెట్టింది. నేల అద్దె పెంచుతారట, గడువు తీరాక కట్టడం కూడా సిటీ చేతికే పోతుందట. మీటింగుల్లో పైలట్లు ఇది పచ్చి దోపిడీ అంటున్నారు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు అసలు ఎయిర్‌పోర్టే మూసేయమంటున్నారు. ఎవరి మాట సబబు, కొనొచ్చా అని మీ ప్రశ్న.

నేను కొన్నేళ్లు ఎయిర్‌పోర్టు ఆస్తుల ఆఫీసులో కూర్చుని ఇలాంటి లీజులు రాయించాను. తర్వాత అద్దెకున్నవాళ్ల తరఫున అవే లీజుల్లో లొసుగులు వెతికాను. లాయర్‌ని మాత్రం కాదు, సంతకం పెట్టేముందు ఒక లాయర్‌కి చూపించుకోండి. కొనొచ్చా అంటే, ఆ ధరకు వద్దు. ఎవరిది సబబు అన్నదానికి జవాబు కాస్త పొడుగు. అక్కడ అందరూ అద్దె మీద అరుచుకుంటున్నారు గానీ అసలు విషయం గడువులో ఉంది.

మీకు అమ్మజూపుతున్నది ఏమిటో ముందు చూద్దాం. పబ్లిక్ ఎయిర్‌పోర్టులో నేల అమ్మకానికి రాదు. ఫెడరల్ డబ్బు తీసుకున్న ఎయిర్‌పోర్టయితే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఒప్పుకోకుండా సిటీ ఆ నేలను వదులుకోనూ లేదు. అందుకే నేలను లీజుకిస్తారు, దాని మీద అద్దెదారు సొంత డబ్బుతో రేకుల హ్యాంగర్ కట్టుకుంటాడు. గడువు తీరాక ఆ కట్టడం ఏమవుతుందో లీజులోనే రాసి ఉంటుంది. చాలా లీజుల్లో అది నేల యజమానికి దఖలు పడుతుంది. దీన్నే రివర్షన్ క్లాజు అంటారు. కౌలుకు తీసుకున్న చేలో మన డబ్బుతో బోరు వేయించుకున్నట్టు అన్నమాట. నీళ్లు వాడుకున్నన్నాళ్లు మనవే, కౌలు అయిపోయిన రోజు బోరు పీక్కుని పోలేం. కొన్ని లీజుల్లో ఇంకో మెలిక కూడా ఉంటుంది. కట్టడం తీసుకోవడమా, లేక మీ ఖర్చుతోనే కూలగొట్టించి నేల శుభ్రం చేయించుకోవడమా అన్న నిర్ణయం సిటీదే. ఆ రెండో దారి ఉంటే గడువు తీరేనాటికి హ్యాంగర్ ఆస్తి కాదు, అప్పు.

కాబట్టి మీరిచ్చే 1,20,000 డాలర్లు హ్యాంగర్ ధర కాదు, 11 ఏళ్ల వాడకానికి ముందే కట్టేస్తున్న అద్దె. ఏడాదికి దాదాపు 10,900, నెలకు 900 పైచిలుకు. దీనికి నేల అద్దె, ఇన్సూరెన్సు కలపండి. కాలిఫోర్నియాలో ప్రభుత్వ నేల మీద ప్రైవేటు అనుభవ హక్కుకు కౌంటీ వేసే పొసెసరీ ఇంటరెస్ట్ పన్ను కూడా కలపండి. అమ్మేవాళ్లు ఈ పన్ను ఊసు ఎత్తరు. మొత్తం ఎంతొచ్చిందో చూసి, అదే ఎయిర్‌పోర్టులో నెలవారీ అద్దెకు దొరికే హ్యాంగర్‌తో పోల్చుకోండి. అద్దె హ్యాంగర్లకు వెయిటింగ్ లిస్టు పొడుగ్గా ఉంటుంది, ఆగక్కర్లేకుండా దొరికినందుకు కొంత విలువ వేసుకోవచ్చు. కానీ ఐదేళ్ల తర్వాత మీరు అమ్మాలనుకుంటే కొనేవాడికి ఆరేళ్లే మిగులుతాయి. అప్పటికి బ్యాంకు లోను రావడం కూడా కష్టం, ఎందుకంటే లోను తీరిన తర్వాత కూడా లీజు కొంతకాలం మిగిలి ఉండాలని బ్యాంకులు కోరతాయి.

ఇక పైలట్ల దోపిడీ ఆరోపణ. నాకు వాళ్ల మీద సానుభూతి ఉంది, కానీ ఈ మాట ఎఫ్ఏఏ దగ్గర నిలవదు. ఎఫ్ఏఏ గ్రాంటు తీసుకున్న ప్రతి ఎయిర్‌పోర్టూ కొన్ని హామీల మీద సంతకం పెడుతుంది. వాటిలో 22వది ఒకే రకం అద్దెదారుల మధ్య అన్యాయమైన తేడా చూపకూడదంటుంది. 23వది ఎవరికీ గుత్తాధిపత్యం ఇవ్వకూడదంటుంది. 24వది ఎయిర్‌పోర్టు వీలైనంత వరకు తన కాళ్ల మీద తాను నిలబడేలా అద్దెలు, ఫీజులు ఉండాలంటుంది. 25వది అక్కడ వచ్చిన డబ్బు అక్కడే ఖర్చు కావాలంటుంది. విమానాలకు సంబంధం లేని వాడకమైతే, అంటే సెల్ఫ్ స్టోరేజీ, రెస్టారెంటు లాంటివైతే, మార్కెట్ అద్దె వసూలు చేయాల్సిందే. విమానాల కోసం వాడే స్థలానికి అంతకంటే తక్కువ తీసుకోవచ్చు, సమంజసంగా ఉంటే చాలు. వీటిలో ఎక్కడా రివర్షన్ పెట్టకూడదని లేదు. గడువు తీరాక కట్టడం యజమానికి చెందడం ఈ వ్యాపారంలో మామూలు పద్ధతేనన్నది ఎఫ్ఏఏ వైఖరి.

పైలట్లు మీటింగుల్లో 38వ హామీ చదివి వినిపిస్తుంటారు. విమాన యజమాని తన ఖర్చుతో హ్యాంగర్ కట్టుకోవడానికి అతనూ ఎయిర్‌పోర్టు యజమానీ ఒప్పుకుంటే, దానికి దీర్ఘకాల లీజు ఇవ్వాలని అందులో ఉన్నమాట నిజమే. దీర్ఘకాలం అంటే ఎన్నేళ్లో మాత్రం అందులో లేదు. పైగా షరతులు పెట్టే హక్కు ఎయిర్‌పోర్టు యజమానిదేనని అదే వాక్యంలో ఉంది. గడువు గురించి ఏదైనా పట్టు దొరికేది ఎఫ్ఏఏ 2009లో విడుదల చేసిన 5190.6బి అనే కంప్లయన్స్ మాన్యువల్‌లో. పెద్ద కట్టడాల విషయంలో కూడా అప్పు తీర్చుకుని, పెట్టుబడి మీద తగిన రాబడి పొందడానికి 30 నుంచి 35 ఏళ్ల లీజు మామూలుగా సరిపోతుందని అందులో ఉంది. 50 ఏళ్లు దాటితే నేల అమ్మేసినట్టే లెక్క కావచ్చు కాబట్టి ఒప్పుకోవద్దని కూడా ఉంది. కౌన్సిల్ ముందు మాట్లాడేవాళ్లు ఈ పేరా ప్రింటు తీసుకెళ్తే 38వ హామీ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

సిటీ ఆఫీసు వైపు వాదన కూడా వినండి, మీటింగుల్లో దాన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు. పాతకాలం లీజులు కొన్ని ఎంత చవకంటే, ధరల సూచీతో పాటు పెరిగే క్లాజు కూడా లేకుండా దశాబ్దాలు నడిచాయి. ఆ నేల మీద పది హ్యాంగర్లు కట్టుకున్నవాడు సిటీకి నామమాత్రపు నేల అద్దె కడుతూ, లోపల హ్యాంగర్లను మార్కెట్ రేటుకు సబ్‌లీజుకిచ్చి మధ్యలో లాభం తింటాడు. రన్‌వే పగుళ్లు పూడ్చేది మాత్రం సిటీ. అలాంటివాళ్లే మైకు ముందుకొచ్చి చిన్న పైలట్ల కష్టాల గురించి గొంతు చించుకోవడం నేను చూశాను. రివర్షన్ జరిగాక నేల అద్దె బదులు కట్టడం అద్దె వస్తుంది, ఎయిర్‌పోర్టు ఖాతా నిలదొక్కుకుంటుంది. పబ్లిక్ ఆస్తిని ఊరికే ఎవరికీ ధారపోయకూడదని కాలిఫోర్నియా రాజ్యాంగంలోనే ఉంది కాబట్టి, గడువు తీరిన కట్టడాన్ని పాత అద్దెదారుకే ఉచితంగా వదిలేయమంటే సిటీ అటార్నీ భయపడటంలో అర్థముంది.

హ్యాంగర్‌లో పాత సోఫాలు, పడవలు, కార్లు పెట్టుకునేవాళ్ల సంగతి వేరే. ఎఫ్ఏఏ హ్యాంగర్ వాడకం పాలసీ 2017 జూలై నుంచి అమల్లో ఉంది, హ్యాంగర్ ప్రధానంగా విమానం కోసమే ఉండాలి. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ఇంతవరకు చూస్తే సిటీదే న్యాయం అనిపిస్తుంది. గడువు సంగతికొచ్చేసరికి కథ మారుతుంది. ఎయిర్‌పోర్టును నడపాలనుకునే యజమాని, మూసేయాలనుకునే యజమాని ఇద్దరూ అద్దె పెంచుతారు. తేడా గడువులో తెలుస్తుంది. నడపాలనుకునేవాడు అద్దె పెంచి 30 ఏళ్లు ఇస్తాడు. మూయాలనుకునేవాడు ఏడాది ఇస్తాడు, లేదా నెలనెలా అంటాడు.

శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉన్న మనవాళ్లలో చాలామందికి తెలిసిన రీడ్-హిల్‌వ్యూ ఎయిర్‌పోర్టు తీసుకోండి. శాన్ హోసే తూర్పున, ఈస్ట్‌రిడ్జ్ మాల్ పక్కనే ఉంటుంది. రీడ్ కుటుంబం పెట్టిన ఆ ఎయిర్‌పోర్టును 1961లో శాంటా క్లారా కౌంటీ కొన్నది. విమానం నడపడం నేర్చుకునేవాళ్లతో ఎప్పుడూ సందడిగా ఉంటుంది. కౌంటీ 2011 తర్వాత ఎఫ్ఏఏ గ్రాంట్లు తీసుకోవడం ఆపేసింది. గ్రాంటుతో వచ్చే బాధ్యతలు చాలావరకు 20 ఏళ్లు ఉంటాయి కాబట్టి 2031 నాటికి ఆ బంధం వదులుతుందన్నది లెక్క. 2021 ఆగస్టులో కౌంటీ చేయించిన అధ్యయనం ఒకటి వచ్చింది. ఎయిర్‌పోర్టుకు దగ్గర్లో, గాలి వీచే వైపు ఉండే పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని తేల్చింది. ఆ నెలలోనే కౌంటీని పాలించే సూపర్వైజర్లు 2031 దాకా ఆగకుండా ముందే మూసే దారి వెతకాలని ఓటేశారు. 2022 జనవరి 1 నుంచి సీసం కలిసిన ఇంధనం అమ్మకం ఆపేశారు. ఇంధనం, పార్కింగ్, రిపేరు సేవలందించే ఎఫ్‌బీఓల పాత దీర్ఘకాల లీజుల గడువు కూడా సరిగ్గా 2021 చివరే తీరింది. మళ్లీ అలాంటి లీజులివ్వకుండా ఆ స్థలాలను కౌంటీ తన అజమాయిషీలోకి తెచ్చుకుంది.

గ్రాంట్లు తీసుకోకపోవడం, లీజులివ్వకపోవడం ఒకదానికొకటి ఎలా తోడవుతాయో గమనించండి. చిన్న ఎయిర్‌పోర్టులో రన్‌వే పనులకు ఫెడరల్ గ్రాంటు ఖర్చులో దాదాపు 90 శాతం భరిస్తుంది. దాన్ని వద్దనుకుంటే ఆ భారం అద్దెల మీద పడుతుంది. అద్దె పెరుగుతుంది, గడువు మాత్రం ఉండదు. గడువు లేని నేల మీద ఎవరూ కొత్త కట్టడం కట్టరు, పాతదానికి రంగు కూడా వేయించరు. పదేళ్లు గడిచాక ఎయిర్‌పోర్టు శిథిలంగా కనిపిస్తుంది, అప్పుడు దాన్ని మూయమని అడగడం తేలిక. ఇది ఎవరో కుట్ర పన్ని చేస్తారని నేననను. కానీ ఏ కౌన్సిలైనా గ్రాంటు వద్దని, పొట్టి లీజులే ఇస్తానని ఒకే ఏడాది తీర్మానిస్తే మాత్రం నేను అక్కడ ఒక్క డాలరు పెట్టను.

లాస్ ఏంజెలెస్ పక్కనున్న శాంటా మోనికాలో ఇదే ఆట ఇంకా బాహాటంగా సాగింది. 227 ఎకరాల ఆ ఎయిర్‌పోర్టు చుట్టూ ఇళ్లు, జెట్‌ల మోత మీద ఏళ్ల తరబడి ఫిర్యాదులు. 1984లో ఎఫ్ఏఏతో కుదిరిన ఒప్పందం 2015 జూలై 1 దాకా నడపాలంది. 2014 నవంబరులో ఓటర్లు మెజర్ ఎల్‌సీ అనే ప్రతిపాదనను నెగ్గించారు: ఎయిర్‌పోర్టు మూస్తే ఆ నేలలో పార్కులు, ఆటస్థలాలే రావాలి, వేరే ఏది కట్టాలన్నా మళ్లీ ఓటింగు జరగాలి. 1994లో తీసుకున్న గ్రాంటు బాధ్యత 20 ఏళ్లకు, అంటే 2014లోనే తీరిపోయిందని సిటీ వాదించింది. 2003లో అదే గ్రాంటును సవరించి మరికొంత డబ్బు తీసుకున్నారు కాబట్టి లెక్క 2023 దాకా పోతుందని 2015 డిసెంబరులో ఎఫ్ఏఏ తేల్చింది. అద్దెకున్నవాళ్లు, పైలట్ల సంఘాలు ఫిర్యాదు చేసింది 2014లో, అప్పీలు మీద ఆఖరి నిర్ణయం వచ్చింది 2016 ఆగస్టులో. ఈలోగా పెద్ద అద్దెదారులు నెలనెలా అనే పద్ధతిలో ఉండిపోయారు. 2016 సెప్టెంబరులో ఇంధనం అమ్మే సంస్థకూ, ఒక ఫ్లయింగ్ స్కూలుకూ సిటీ ఖాళీ చేయమని నోటీసులిచ్చింది. ఎఫ్ఏఏ డిసెంబరులో వాటిని ఆపమంది. చివరకు 2017 జనవరిలో రాజీ కుదిరింది. 4,973 అడుగుల రన్‌వేను 3,500కు కుదించుకోవచ్చు, 2028 డిసెంబరు 31 తర్వాత మూసేయొచ్చు. అదే ఏడాది చివరికి రన్‌వే కుదించేశారు కూడా. పైలట్ల సంఘాలకు ఇది పిడుగుపాటు. అప్పటిదాకా ఎఫ్ఏఏ తమ వైపే ఉంటుందని నమ్మినవాళ్లు, ఆ రాజీ చర్చల్లో తమకు కుర్చీయే లేదని తర్వాత తెలుసుకున్నారు.

షికాగోలోని మీగ్స్ ఫీల్డ్ ఎయిర్‌పోర్టు కథ అందరికీ తెలుసు. మేయర్ రిచర్డ్ డేలీ 2003 మార్చి 30 రాత్రి బుల్డోజర్లు పంపి రన్‌వే మీద ఎక్స్ గుర్తులు తవ్వించాడు, ఆపి ఉన్న విమానాలు అక్కడే చిక్కుకుపోయాయి. ఎక్కువమందికి తెలియనిది అంతకు ఏడేళ్ల ముందు సంగతి. ఆ ఎయిర్‌పోర్టు కింద నేల షికాగో పార్క్ డిస్ట్రిక్ట్‌ది, సిటీ దాన్ని లీజుకు తీసుకుని ఎయిర్‌పోర్టు నడిపింది. 1996లో లీజు తీరిపోయింది, మేయర్ పొడిగించుకోలేదు. రాష్ట్ర శాసనసభ కలగజేసుకుంటే కొన్నేళ్లు మళ్లీ తెరుచుకుంది, అంతే. ముందస్తు నోటీసు ఇవ్వనందుకు సిటీ మీద పడిన జరిమానా 33,000 డాలర్లు. ఎయిర్‌పోర్టు నిధులు దారి మళ్లించినందుకు పది లక్షల డాలర్లు తిరిగి జమ చేయాల్సి వచ్చింది. రన్‌వే మాత్రం తిరిగి రాలేదు. బుల్డోజర్ల ఫోటోలే అందరికీ గుర్తుండిపోయాయి గానీ, ఆ ఎయిర్‌పోర్టు పట్టు తప్పింది 1996లోనే.

ఇళ్లవాళ్ల వైపు కూడా తేలిగ్గా తీసిపారేయకండి. వాళ్లలో కొందరు ఎయిర్‌పోర్టు ఉందని తెలిసే చవగ్గా ఇల్లు కొన్నారన్నది నిజం. కానీ చిన్న విమానాల ఇంధనంలోని సీసం గాలిని కలుషితం చేసి ఆరోగ్యానికి ప్రమాదం తెస్తోందని 2023 అక్టోబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా నిర్ధారించింది. 2031 నుంచి ఆ ఇంధనం అమ్మకూడదని కాలిఫోర్నియా చట్టమే చేసింది. పిల్లల ఆరోగ్యం గురించి మాట్లాడుతున్న తల్లి ముందు పైలట్ లేచి తన హ్యాంగర్ పెట్టుబడి గురించి మాట్లాడితే కౌన్సిల్ ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. సీసం లేని ఇంధనం తెప్పించమని ముందుగా అడిగేది పైలట్లే అయితే సగం గొడవ అక్కడే చల్లారుతుంది.

ఇప్పుడు మీ సిటీ మనసులో ఏముందో కనుక్కునే పని. మీటింగుల్లో వినబడేది దీనికి పనికిరాదు, కాగితాలు కావాలి. మొట్టమొదట ఆ ఎయిర్‌పోర్టు చివరి ఎఫ్ఏఏ గ్రాంటు ఏ ఏడాది తీసుకుందో చూడండి, ఎఫ్ఏఏ వెబ్‌సైట్లో ఏ ఏటికి ఆ ఏటి జాబితాలు ఉంటాయి. నిరుడో మొన్నో తీసుకుని ఉంటే దాదాపు మరో 20 ఏళ్లు ఎయిర్‌పోర్టుకు ఢోకా లేదు. పదిహేనేళ్ల కింద ఆగిపోయి ఉంటే జాగ్రత్త. ఫెడరల్ డబ్బుతో నేలే కొని ఉన్నా, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫెడరల్ ప్రభుత్వం మిగులు ఆస్తి కింద ఇచ్చినదైనా ఆ 20 ఏళ్ల లెక్క వర్తించదు, బాధ్యతకు గడువే ఉండదు. తర్వాత పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద నాలుగు అడగండి: అద్దెదారులందరి లీజు గడువులు, రేట్ల పట్టిక, కొత్త అద్దెకు ఆధారంగా నేల విలువ కట్టిన అప్రైజల్ నివేదిక, ఎయిర్‌పోర్టు లేఅవుట్ ప్లాను. ఆ ప్లానులో మీరు కొనబోయే హ్యాంగర్ వరుస మీద భవిష్యత్ టాక్సీవే, అంటే విమానాలు రన్‌వేకి వెళ్లే దారి, గీసి ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. అప్రైజల్‌లో పక్కనున్న వేర్‌హౌసుల నేలతో పోల్చి అద్దె లెక్కగట్టారేమో చూడండి. విమానాలకే వాడాలన్న ఆంక్ష ఉన్న నేలకు ఆ పోలిక చెల్లదు, దాని మీద గట్టిగా నిలదీయొచ్చు.

ముసాయిదా మీద మాట్లాడే అవకాశం వస్తే రివర్షన్ తీసేయమని అడగకండి, అది జరిగేది కాదు, మీకిచ్చిన రెండు మూడు నిమిషాలు వృథా. ఎజెండా కనీసం 72 గంటల ముందు పెట్టాలన్నది రాష్ట్ర చట్టం, కాబట్టి ఏ క్లాజు మీద చర్చో ముందే తెలుస్తుంది. అడగాల్సింది గడువును పెట్టుబడితో ముడిపెట్టమని: కొత్తగా కట్టేవాడికి 30 ఏళ్లు, పాత కట్టడం బాగుచేయించేవాడికి ఖర్చును బట్టి అదనపు ఏళ్లు. అద్దె పెంపు ధరల సూచీకి కట్టుబడి ఉండాలి, దానికి పైపరిమితి ఉండాలి. హ్యాంగర్ చేతులు మారినప్పుడు పాత లీజు రద్దు చేసి పొట్టి లీజు చేతిలో పెట్టకూడదు. ఇది అన్నిటికన్నా ముఖ్యం, ముసాయిదాల్లో ఒక మూల ఒకే వాక్యంగా దాగి ఉంటుంది. రివర్షన్ తర్వాత అదే హ్యాంగర్‌ను మార్కెట్ అద్దెకు తీసుకునే మొదటి అవకాశం పాత అద్దెదారుకే ఉండాలి. ఇవి కౌన్సిల్ ఒప్పుకోగలిగేవి, ఎఫ్ఏఏకి అభ్యంతరం లేనివి. కూలగొట్టే ఖర్చు అద్దెదారు మీద వేసే వాక్యం ఉంటే దాన్ని తీయించడానికి మిగిలిన సమయం వాడండి.

ఎఫ్ఏఏకి ఫిర్యాదు చేస్తానని బెదిరించడం వల్ల లాభం తక్కువ. ముందు ఎఫ్ఏఏ జిల్లా ఆఫీసుతో అనధికారికంగా పరిష్కారానికి ప్రయత్నించాలి, ఆ తర్వాతే పార్ట్ 16 అనే లాంఛనమైన ఫిర్యాదు. అది ఎంతకాలం పడుతుందో శాంటా మోనికాలో చూశాం కదా.

ఇక మీ కొనుగోలు. గ్రాంటు కొత్తదై, లీజు బదిలీకి సిటీ రాతపూర్వకంగా ఒప్పుకుని, మిగిలిన 11 ఏళ్లు చెక్కుచెదరకపోతే, ఆ అమ్మకందారుకు ధర సగానికి తగ్గించి చెప్పండి. ఆయన బేరానికి దిగితే అప్పుడు లెక్క వేసుకోవచ్చు. కొత్త పాలసీ ఓటింగుకు వెళ్లేలోపు మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి. ఓటింగు తర్వాత ముగించేలా, పాలసీలో బదిలీ క్లాజు మారితే డబ్బు వెనక్కి వచ్చేలా ఒప్పందం రాసుకోమనండి. ఆయన దానికి ఒప్పుకోకుండా ఈ వారమే సంతకం కావాలంటే, ముసాయిదాలో ఒక మూల దాగిన ఆ బదిలీ వాక్యం ఆయన మీకంటే ముందే చదివి ఉంటాడు.